పౌల్నబ్రోన్: ఫోటోలో పడేది పైరాయి, కథంతా కింది పగుళ్లలో

ఐర్లండ్ టూరిజం పోస్టర్లలో, క్యాలెండర్లలో ఒక రాతి కట్టడం తరచూ కనిపిస్తుంది. చెట్టూ చేమా లేని బూడిదరంగు బండ నేల, దాని మీద నిలువుగా పాతిన పలుచటి రాళ్లు, వాటి నెత్తిన కాస్త ఏటవాలుగా కూర్చున్న పెద్ద పలక, వెనకాల తప్పనిసరిగా ఎర్రటి ఆకాశం. అదే పౌల్నబ్రోన్, రాతియుగపు సమాధి. దేశానికి పడమటి వైపు క్లేర్ కౌంటీలో బర్రెన్ అనే రాతి పీఠభూమి మీద, బాలీవాన్ అనే చిన్న ఊరికి దక్షిణంగా 8 కిలోమీటర్ల దూరంలో, రోడ్డు పక్కనే ఉంటుంది. కారు ఆపి నాలుగడుగులు వేస్తే చాలు. అంత సులువుగా చేరుకోగల చోటు కాబట్టే అంత పేరు వచ్చిందేమో అనిపిస్తుంది కూడా, ఎందుకంటే ఐర్లండ్‌లో ఈ రకం సమాధులు దాదాపు 180 దాకా ఉన్నాయి, సైజులో దీన్ని మించినవీ ఉన్నాయి. కార్లో కౌంటీలోని బ్రౌన్స్‌హిల్ సమాధి మీది రాయి ఒక్కటే 100 టన్నులకు పైగా ఉంటుందని అంచనా. దాని ముందు పౌల్నబ్రోన్ పలక పసిపిల్ల.

అయినా పౌల్నబ్రోన్ గురించి మాట్లాడుకోవాల్సిందే. దాని అందం సంగతి పక్కన పెడితే, ఈ తరహా సమాధుల్లో చాలావాటిలో లోపల ఎవరున్నారో చెప్పే ఎముకలు మిగల్లేదు. ఇక్కడ మిగిలాయి. అవి మిగలడానికి కారణం పైనున్న రాయి కాదు, కింద నేలలో ఉన్న పగుళ్లు. ఫోటోల్లో ఆ పగుళ్లు కనిపించవు.

ముందు పేరు సంగతి. ఎక్కడ చదివినా దీనికి ‘దుఃఖాల గుంత’ అని అర్థం చెబుతారు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, సమాధికి అతికినట్టు సరిపోతుంది, అందుకే ఆ అర్థం అంతగా పాకింది. కానీ ఐరిష్ వ్యాకరణం దానికి ఒప్పుకోదు. ఐరిష్‌లో ‘బ్రోన్’ అంటే దుఃఖం, నిజమే, కానీ అది పుంలింగ పదం. ‘దుఃఖపు గుంత’ అనాలంటే మాట ‘పౌల్ ఎన్ వ్రోన్’ లాంటి రూపం తీసుకోవాలి. పేరులో ఉన్నది ‘నా బ్రోన్’. ఆ ‘నా’ ఏకవచనంలో స్త్రీలింగ పదాల ముందు వచ్చేది. ‘బ్రో’ అనే స్త్రీలింగ పదం వేరే ఉంది, దానికి షష్ఠీ విభక్తి రూపం ‘బ్రోన్’, అర్థం తిరగలి. అంటే ఊరి జనం పెట్టుకున్న పేరు ‘తిరగలి గుంత’. గింజలు విసురుకునే రాయి పేరు మీద పుట్టిన మామూలు పల్లెటూరి పేరును టూరిస్టు బ్రోషర్లు కన్నీళ్లతో నింపేశాయన్నమాట.

బర్రెన్ అన్న మాటకు కూడా ‘రాళ్ల చోటు’ అనే అర్థం. 1651 ప్రాంతంలో, ఐర్లండ్ మీద దండెత్తిన ఇంగ్లండ్ నాయకుడు క్రామ్‌వెల్ సైన్యంతో ఇక్కడికి వచ్చిన లడ్‌లో అనే సేనాధికారి ఈ నేల గురించి రాసుకున్న మాట ఇప్పటికీ అక్కడ అందరి నోటా ఉంటుంది: మనిషిని ముంచడానికి సరిపడా నీళ్లు లేవు, ఉరి తీయడానికి సరిపడా చెట్టు లేదు, పూడ్చడానికి సరిపడా మట్టి లేదు. అయితే పశువులు మాత్రం బాగా బలిసి ఉన్నాయని కూడా ఆయనే రాశాడు. ఈ రెండో భాగాన్ని చాలామంది వదిలేస్తారు, అసలు విషయం అందులోనే ఉన్నా.

ఈ రాయి సున్నపురాయి. సుమారు 33 కోట్ల ఏళ్ల కిందట, ఇప్పటి ఐర్లండ్ భూమధ్యరేఖ దగ్గర వెచ్చటి లోతులేని సముద్రం కింద ఉన్న కాలంలో, పొరలు పొరలుగా పేరుకున్నది. మన కడప బండ, తాండూరు బండ కూడా సున్నపురాయే. వాటి వయసు ఇంకా చాలా ఎక్కువ, కానీ పొరల వెంట పలకలుగా ఊడి వచ్చే గుణం ఒకటే, కాబట్టి మన ఇళ్లలో కడప బండ పరిచిన వంటగట్టు చూసినవాళ్లకు పౌల్నబ్రోన్ పలక ఎలా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సున్నపురాతికి ఇంకో గుణం ఉంది. వాన నీటిలో కలిసిన కొద్దిపాటి కార్బన్ డయాక్సైడ్ దాన్ని మెల్లగా కరిగిస్తుంది. బెలుం గుహలు, బొర్రా గుహలు ఏర్పడింది అలాగే. బర్రెన్‌లో ఆ పని పైపైనే ఎక్కువ కనిపిస్తుంది: బండ మీది సన్నటి చీలికలు వేల ఏళ్లలో వెడల్పై, లోతై, కాలు పడితే మడమ విరిగేంత సందులుగా మారాయి. ఈ సందుల్ని గ్రైక్‌లు అంటారు, వాటి మధ్య మిగిలిన చదును బండల్ని క్లింట్‌లు అంటారు. గ్రైక్ అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఎడారిలా కనిపించే ఈ నేల సమాధి కట్టిన నాటికి ఇలా లేదు. పైన్, హేజెల్ చెట్లు ఉండేవి, వాటి కింద ఎంతో కొంత మట్టి ఉండేది. తొలి రైతులు చెట్లు కొట్టి పొలాలు, మేతబీళ్లు చేసుకున్నారు. ఆ తర్వాతి వేల ఏళ్లలో మేత, వానలు కలిసి మట్టిని ఊడ్చేశాయి, కొంత ఆ పగుళ్లలోకే జారిపోయింది. అంటే పోస్టర్ మీది ఆ నిర్జనమైన దృశ్యం, ‘ఆదిమ ప్రకృతి’ అని మురిసిపోయే ఆ దృశ్యం, చాలావరకు మనుషులు చేసిన పని. సమాధి కట్టినవాళ్లే ఆ పని మొదలుపెట్టారు.

కట్టడం చూడ్డానికి సింపుల్‌గా ఉంటుంది. ముందు వైపు గుమ్మంలా రెండు నిలువు రాళ్లు, ఒక్కోటి దాదాపు 1.8 మీటర్ల ఎత్తు. వెనక, పక్కల ఇంకొన్ని పలకలు, మధ్యలో చిన్న గది. పైన సుమారు 4 మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల మందం ఉన్న కప్పురాయి. గుమ్మం ఉత్తరం వైపు ఉంటుంది, అడుగున గడపలా ఒక పొట్టి రాయి అడ్డం. ఇలా గుమ్మపు రాళ్లు ఉంటాయి కాబట్టే ఈ రకాన్ని పోర్టల్ సమాధి అంటారు. మనకు బాగా తెలిసిన మాట డోల్మెన్. చుట్టూ రాళ్లతో పోసిన ఓ తక్కువ ఎత్తు గుట్ట ఉంది, 9 మీటర్ల వెడల్పు ఉంటుంది.

ఆ గుట్ట మీద ఒక పాత వాదన ఉండేది. డోల్మెన్లన్నీ మొదట పూర్తిగా మట్టి, రాళ్ల దిబ్బ కింద కప్పి ఉండేవని, ఇప్పుడు మనం చూస్తున్నది మాంసం పోయిన అస్థిపంజరం లాంటిదని. పౌల్నబ్రోన్ వరకు అది నిజం కాదని తవ్వకాల్లో తేలింది. గుట్ట అప్పుడు కూడా దాదాపు ఇంతే ఎత్తు, నిలువు రాళ్లు పక్కకు ఒరగకుండా కాళ్ల దగ్గర దన్నుగా పోసింది. అంటే కట్టినవాళ్ల ఉద్దేశమే అది దూరం నుంచి కనిపించాలని. గాల్లో తేలుతున్నట్టున్న ఆ పలక వాళ్లకూ మనకు కనిపించినట్టే కనిపించింది. అంతకుముందు, 18, 19 శతాబ్దాల్లో, ఇలాంటి కట్టడాల్ని డ్రూయిడ్ పూజారుల బలిపీఠాలు అనుకునేవాళ్లు. బల్లలాగా ఉంది కదా, దాని మీద ఎవరినో ఒకరిని నరికి ఉంటారులే అనుకోవడం తేలిక. డ్రూయిడ్లు ఈ కట్టడాల తర్వాత వేల ఏళ్లకు వచ్చినవాళ్లు అన్న సంగతి అప్పుడు తెలియదు.

క్లేర్ కౌంటీ సమాధుల్ని ఒక క్రమంలో కొలిచి, పటాలు గీసి, 1961లో సర్వే సంపుటం అచ్చు వేసింది రూరీ డి వలేరా, షాన్ ఓ న్వాలన్ అనే ఇద్దరు పురావస్తు శాస్త్రవేత్తలు. ఆ మొదటాయన ఐర్లండ్ ప్రధానిగా, అధ్యక్షుడిగా చేసిన ఏమన్ డి వలేరా కొడుకు, తండ్రి రాజకీయంగా పాతుకున్న నియోజకవర్గం కూడా క్లేరే. తండ్రి ఓట్లు లెక్కపెట్టుకున్న చోట కొడుకు సమాధులు లెక్కపెట్టాడు. అయితే సర్వే పైనున్నదాన్ని చూస్తుంది గానీ తవ్వదు. లోపలేముందో చూడాల్సిన అవసరం 1985లో వచ్చింది, అదీ ప్రమాదం వల్ల. గుమ్మంలో తూర్పు వైపు రాయికి బీట పడింది. కట్టడం నిలబడే పరిస్థితి లేకపోవడంతో విప్పదీసి మళ్లీ నిలబెట్టాల్సి వచ్చింది, ఆ సందర్భంగా ఆన్ లించ్ అనే పురావస్తు శాస్త్రవేత్త నాయకత్వంలో 1986లో, మళ్లీ 1988లో తవ్వకాలు జరిగాయి. విరిగిన రాయి స్థానంలో కొత్త రాయి పెట్టారు. కాబట్టి ఇవాళ ఫోటో తీసుకుంటున్న ‘5,800 ఏళ్ల’ గుమ్మంలో ఒక కాలు మాత్రం 1980ల నాటిది.

తవ్వకంలో అందరూ ఆశ్చర్యపోయింది గది అడుగున. అక్కడ నేల అంటే బండే, ఆ బండలో గ్రైక్‌లు. ఆ సందుల్లోకి మట్టితో పాటు మనుషుల ఎముకలు కూరుకుపోయి ఉన్నాయి. ముక్కలుగా, కలగాపులగంగా, ఎవరివేవో తెలియకుండా. ఐర్లండ్‌లో చాలాచోట్ల నేల ఆమ్ల గుణం ఉన్నది, వేల ఏళ్లలో ఎముకను తినేస్తుంది, అందుకే ఎక్కువ పోర్టల్ సమాధుల్లో కుండ పెంకులు తప్ప మనిషి ఆనవాలు దొరకదు. సున్నపురాయి దానికి విరుగుడు. ఎముకలో ఉన్నదీ కాల్షియమే, చుట్టూ ఉన్నదీ కాల్షియమే, దాంతో అవి నిలిచాయి. పైగా సందు లోతులో పడ్డాయి కాబట్టి గాలికి, వానకు, నక్కలకు, నిధుల వేటగాళ్లకు అందలేదు. పూడ్చడానికి మట్టి లేదని లడ్‌లో ఎకసెక్కమాడిన నేల తన మృతుల్ని మిగతా ఐర్లండ్ కంటే మెరుగ్గా దాచింది.

ముప్పై మందికి పైగా మనుషుల అవశేషాలు తేలాయి. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు. ఎముకలోని కార్బన్‌ను బట్టి వయసు కట్టే రేడియోకార్బన్ తేదీల ప్రకారం వీళ్లంతా సుమారు క్రీ.పూ. 3800 నుంచి 3200 మధ్య వాళ్లు. వీళ్లలో మొదటివాళ్ల నాటికి గీజా పిరమిడ్ ఇంకా వెయ్యేళ్లకు పైగా దూరంలో ఉంది.

ఎముకలు చెప్పే కబుర్లు పోస్టర్ అంత అందంగా ఉండవు. పెద్దవాళ్లలో ఎక్కువ మంది 30 దాటకుండానే పోయారు, 40 దాటిందని చెప్పగలిగింది ఒక్కరే. అంత చిన్న వయసులోనే భుజాలు, మెడ, వెన్ను కీళ్లు అరిగిపోయిన గుర్తులున్నాయి. అంటే మోత పని. రాళ్లు ఏరడం, చెట్లు కొట్టడం, బరువులు నెత్తికో వీపుకో ఎత్తుకుని నడవడం, గింజలు నూరడం. పిల్లల పళ్ల మీద ఎనామెల్ సరిగా ఏర్పడని గీతలున్నాయి. పన్ను పెరిగే వయసులో గట్టి జబ్బు చేసినా, తిండి దొరకని రోజులు గడిచినా పంటి మీద అలాంటి గీత పడి అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎంత తిన్నా చెరగదు. తిన్న తిండి ఎముకలో మిగిల్చే ఆనవాళ్లను చూసే ఐసోటోపుల పరీక్షలో ఇంకో విచిత్రం: వీళ్ల తిండంతా నేల మీదిదే, ధాన్యం, పశువుల నుంచి వచ్చేది. అట్లాంటిక్ సముద్రం ఒక పూట నడక దూరంలో ఉంది. చేపలు, గవ్వలు, నత్తలు కావలసినన్ని. అయినా ఆ తిండి ఎముకల్లో పెద్దగా కనిపించదు. ఇది ఇక్కడి ప్రత్యేకత కాదు, ఐర్లండ్, బ్రిటన్ తొలి రైతులంతా సముద్రపు తిండికి దాదాపు వీపు తిప్పేశారు. ఆకలి గీతలు పంటి మీద ఉన్న పిల్లలు, ఒక పూట నడకలో చేపలు. దీనికి ‘రైతు అన్నవాడు ఏం తినాలి’ అన్న కట్టుబాటు తప్ప మరో కారణం తోచదు. తిండి విషయంలో ఇలాంటి కట్టుబాట్ల బలం ఎంతో మన దేశంలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు కదా.

గొడవలు కూడా ఉన్నాయి. మానిన దెబ్బ గుర్తు ఉన్న పుర్రె ఉంది, విరిగి అతుక్కున్న పక్కటెముక ఉంది. ఒక మగవాడి తుంటి ఎముకలో చెర్ట్ అనే గట్టి రాతితో చేసిన ఆయుధం మొన విరిగి ఇరుక్కుని ఉంది, బాణమో ఈటో. చుట్టూ ఎముక మానే ప్రయత్నం చేసిన ఆనవాలు లేదు కాబట్టి దెబ్బ తగిలిన కొద్ది కాలానికే అతను చనిపోయాడు. తొలి రైతుల జీవితం ప్రశాంతంగా, ప్రకృతి ఒడిలో సాగిందని ఊహించుకునేవాళ్లకు ఈ తుంటి ఎముక ఒక్కటి చూపిస్తే చాలు.

ఎముకలతో పాటు దొరికిన వస్తువులు పెద్దగా లేవు. నునుపు చేసిన రాతి గొడ్డలి, ఎముకతో చెక్కిన లాకెట్, రాతి పూసలు, స్ఫటికపు ముక్కలు, ముతక కుండల పెంకులు, రాతి బాణపు మొనలు. బంగారం కోసం రాత్రిపూట గడ్డపార పట్టుకుని వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు పూర్తి నిరాశ.

ఇంతకీ ఈ శరీరాలు లోపలికి ఎలా చేరాయి? ఏ ఒక్కరి అస్థిపంజరమూ పడుకోబెట్టిన తీరున లేదు. మొదట వచ్చిన వివరణ ఏమిటంటే, చనిపోయినవాళ్లను ఇంకెక్కడో ఉంచి, మాంసం పోయాక ఎముకల్ని మాత్రం ఏరి తెచ్చి ఇక్కడ పెట్టారని. చితి చల్లారాక అస్థికలు ఏరే అలవాటున్న మనకు ఇది సహజంగానే అనిపిస్తుంది, అందుకే కాస్త జాగ్రత్తగా ఉండాలి కూడా. ఎందుకంటే ఇలా ఏరి తెస్తే పుర్రెలు, తొడ ఎముకలు వస్తాయి గానీ వేళ్ల ఎముకలు, మణికట్టులోని గవ్వల్లాంటి చిన్న ఎముకలు చాలావరకు పాత చోటే రాలిపోతాయి. తర్వాత ఎముకల్ని మళ్లీ పరిశీలించినవాళ్లు శరీరాల్ని మొత్తంగానే గదిలో పెట్టారని, కుళ్లిపోయాక పాత ఎముకల్ని పక్కకు తోసి, సందుల్లోకి సర్ది, కొత్తవాళ్లకు చోటు చేశారని వాదించారు. కొన్ని ఎముకల మీద కాలిన గుర్తులు కూడా ఉన్నాయి. ఈ రెండో వాదనలోనే బలం ఎక్కువ కనిపిస్తుంది, సందుల సంగతి కూడా దానితోనే కుదురుతుంది. వాళ్లకు ఆ పగుళ్లు అడ్డం కాదు. బహుశా చోటు ఎంచుకున్నదే వాటి కోసం కావచ్చు: పైన గుమ్మం, కింద నోరు తెరిచిన నేల.

ఏ వివరణ తీసుకున్నా ఒక లెక్క మాత్రం వదలదు. 600 ఏళ్లు, ముప్పై అయిదు మంది అనుకుందాం. సగటున పదిహేడేళ్లకు ఒకరు. ఎంత చిన్న పల్లె అయినా పదిహేడేళ్లలో ఒక్కరే చనిపోరు. కాబట్టి ఇది ఊరి శ్మశానం కాదు. మిగతావాళ్లందరినీ ఇంకేదో చేశారు, వాళ్ల జాడ లేదు. ఈ కొద్దిమందిని ఎంచి తెచ్చారు. దేన్ని బట్టి ఎంచారు? ఆడా మగా తేడా లేదు. వయసు తేడా లేదు, పెద్దలతో పాటు పసిపిల్లలూ ఉన్నారు. కష్టం చెయ్యని దొరలు కూడా కారు, కీళ్లు అరిగిపోయినవాళ్లే. కుటుంబ సమాధి అయి ఉంటుందని సులువుగా అనేయొచ్చు.

2020లో ఆ జవాబు కూడా చెల్లకుండా పోయింది. డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి చెందిన లారా కాసిడీ, డాన్ బ్రాడ్లీ బృందం ప్రాచీన ఐర్లండ్ మనుషుల డీఎన్ఏ మీద నేచర్ పత్రికలో ఒక పెద్ద పరిశోధన అచ్చు వేసింది. పౌల్నబ్రోన్‌తో పాటు, అదే బర్రెన్‌లో కొద్ది కిలోమీటర్ల దూరంలోని పార్క్‌నబినియా సమాధి ఎముకల్నీ పరీక్షించారు. పరీక్షకు అందిన మనుషుల్లో దగ్గరి రక్తసంబంధీకులు కనిపించలేదు. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు అంతా ఒకే గదిలో అన్న ఊహకు అది దెబ్బ. అయితే మగవాళ్లలో తండ్రి నుంచి కొడుక్కు వచ్చే వై క్రోమోజోమ్‌లో అరుదైన రకం ఒకటి ఒకరికి మించి కనిపించడం వల్ల, ఒక ఇంటి సమాధి కాకపోయినా, మగ వంశం వైపు దూరపు బంధం ఉన్న ఏదో పెద్ద వర్గానికి చెందినవాళ్లని అనుకుంటున్నారు. మన భాషలో గోత్రం లాంటిది అనొచ్చు, మరీ సాగదీయకుండా.

ఆ పరిశోధనలోనే ఇంకో విషయం బయటపడింది. అక్కడున్న పసివాళ్లలో ఒక మగబిడ్డ, ఆరు నెలల వయసు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాడు. 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులున్నాయి. అప్పటికి తెలిసినంతలో అదే అత్యంత పాత కేసు, దాదాపు 5,500 ఏళ్ల నాటిది. ఎముకలు తవ్వి తీసి ముప్పై ఏళ్లకు పైగా అయినా అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఆ వయసు పిల్లల ఎముకల్లో చూసి చెప్పడం చాలా కష్టం. ఐసోటోపుల్ని బట్టి బిడ్డ తల్లిపాలు తాగాడని కూడా తేలింది. వార్తాపత్రికలు ‘రాతియుగపు కరుణ’ లాంటి హెడ్డింగులు పెట్టాయి. అంత దూరం పోనక్కర్లేదు. ఆ రోజుల్లో ఆరు నెలల బిడ్డలో తేడాను వాళ్లు గమనించారో లేదో మనకు తెలిసే దారి లేదు. గట్టిగా చెప్పగలిగింది ఇంతే: బిడ్డకు పాలిచ్చారు, పోయాక పదిహేడేళ్లకు ఒకరికి దక్కే చోటులో పెట్టారు.

అదే పరిశోధన న్యూగ్రాంజ్ గురించి చెప్పింది దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. న్యూగ్రాంజ్ దేశానికి తూర్పు వైపు బోయిన్ నది లోయలో ఉన్న మహా కట్టడం, సుమారు క్రీ.పూ. 3200 నాటిది, శీతాకాలపు అయనాంతం రోజుల్లో పొద్దుటి ఎండ గది లోపలికి పడేలా కట్టింది. అందులో ముఖ్యమైన చోట పెట్టిన ఒక మగవాడి తల్లిదండ్రులు తోబుట్టువులో, లేకపోతే తల్లీకొడుకులో తండ్రీకూతుళ్లో అని డీఎన్ఏలో తేలింది. మామూలు జనానికి నిషేధమైనది రాజవంశానికి చెల్లుతుందన్న పద్ధతి అయి ఉంటుందని ఆ పరిశోధకులు అనుకున్నారు, ఈజిప్టు ఫారోల లాగా. పౌల్నబ్రోన్‌లో అలాంటి రాజరికపు వాసన లేదు. ఇక్కడ మనుషుల్ని పెట్టడం ఆగిన కాలానికి అక్కడ ఆ మహా కట్టడం లేస్తోంది. 600 ఏళ్లలో సమాజం ఎటు వెళ్లిందో ఈ రెండు రాతి కట్టడాల సైజులోనే కొంత కనిపిస్తుంది.

ఇవి సెల్టిక్ కట్టడాలు, అంటే ఐరిష్ లాంటి భాషలు మాట్లాడిన సెల్టులు కట్టినవి, కావు. ఇది చెప్పక తప్పదు, ఎందుకంటే దుకాణాల్లో అమ్మే ప్రతి కీచైన్ మీద ‘సెల్టిక్ డోల్మెన్’ అనే ఉంటుంది. ఈ తొలి రైతుల మూలాలు ఇప్పటి టర్కీ ప్రాంతం నుంచి యూరప్ అంతా పాకిన వ్యవసాయదారుల్లో ఉన్నాయి. క్రీ.పూ. 2500 తర్వాత కంచు యుగపు తొలి రోజుల్లో ఐర్లండ్‌లోకి కొత్త జనం వచ్చారు, నేటి ఐరిష్ వాళ్ల జన్యువుల్లో పెద్ద భాగం ఆ వచ్చినవాళ్లది. సమాధి కట్టినవాళ్ల భాష ఏమిటో, తమను తాము ఏమని పిలుచుకున్నారో ఒక్క మాట మిగల్లేదు. తర్వాత వచ్చినవాళ్లు రాళ్లను చూసి తమ కథల్లోంచి పేరు పెట్టుకున్నారు. ఐర్లండ్‌లో చాలా డోల్మెన్లకు జనం పెట్టిన పేరు ‘డియర్మిడ్, గ్రానియాల పడక’. ముసలి వీరుడు ఫిన్ మెక్‌కూల్‌కు ఇచ్చి చెయ్యబోతే గ్రానియా అతని అనుచరుడు డియర్మిడ్‌తో లేచిపోయింది, ఇద్దరూ రోజుకో చోట తలదాచుకుంటూ దేశమంతా తిరిగారు, పడుకున్న ప్రతిచోటా ఒక రాతి మంచం మిగిలింది.

మన దగ్గర ఇదే పని పాండవులు చేశారు. అరణ్యవాసంలో వాళ్లు బస చెయ్యని గుట్ట తెలుగునాట ఉందా? ములుగు జిల్లా దామరవాయి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేట దగ్గర ఉన్న డోల్మెన్లను చుట్టుపక్కల వాళ్లు రాకాసి గుళ్లు అంటారు. అంతంత రాళ్లు ఎత్తాలంటే రాక్షసులే కావాలి మరి. చూడ్డానికి పౌల్నబ్రోన్‌కు చుట్టాల్లాగే ఉంటాయి. కానీ చుట్టరికం లేదు. గోదావరి లోయ డోల్మెన్లు ఇనుప యుగానివి, అంటే పౌల్నబ్రోన్ కంటే రెండున్నర వేల ఏళ్లకు పైగా తర్వాతివి, ఇసుకరాతి పలకలతో కట్టినవి, లోపల రాతిని తొలిచి చేసిన తొట్టెలు ఉంటాయి. నాలుగు పలకలు నిలబెట్టి ఒకటి పైన వేస్తే ఎక్కడైనా ఆ రూపమే వస్తుంది.

ఈ పోలికను చూసి పొరబడ్డ మనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన కథ హైదరాబాదుతో ముడిపడింది. ఫిలిప్ మెడోస్ టేలర్ నిజాం కొలువులో పనిచేశాడు, 1840లలో సురపురం సంస్థానం వ్యవహారాలు చూశాడు. అది ఇప్పుడు కర్ణాటకలో ఉంది. అక్కడి పెద్దరాతి సమాధుల్ని తవ్వించి, కొలతలు తీసి, బొమ్మలు గీసి, ఆ కాలానికి ఆశ్చర్యంగా అనిపించేంత శ్రద్ధగా నమోదు చేశాడు. ఉద్యోగం అయిపోయాక డబ్లిన్‌లో ఉంటూ 1860లలో ఆ వివరాలు రాయల్ ఐరిష్ అకాడమీ ముందు పెట్టాడు. దక్కన్ రాళ్లు, ఐర్లండ్ రాళ్లు ఒకేలా ఉన్నాయి కాబట్టి రెండూ కట్టింది ఒకే మూల జాతి, సెల్టులో, సిథియన్లు అనే పాత సంచార జాతో అయి ఉండాలన్నది ఆయన లైను. తప్పే. అయితే రేడియోకార్బన్ రావడానికి దాదాపు వందేళ్ల ముందు, రూపం తప్ప వేరే ఆధారం లేనప్పుడు చేసిన తప్పు. ఆయన గీయించిన దక్కన్ బొమ్మలు మాత్రం ఇప్పటికీ పనికొస్తున్నాయి, తవ్వకం మీద రాసిపెట్టిన వివరాలు సిద్ధాంతం కంటే ఎక్కువ కాలం బతికాయి.

పౌల్నబ్రోన్‌లో మృతుల్ని పెట్టడం ఆగిపోయాక కూడా చోటు మాత్రం జనం మనసులోంచి పోలేదు. దాదాపు క్రీ.పూ. 1750, 1420 మధ్య ఎప్పుడో, అంటే అంతకుముందు చివరి మనిషిని పెట్టాక దాదాపు పదిహేను వందల ఏళ్లో, ఇంకా ఎక్కువో గడిచాక, ఎవరో అప్పుడే పుట్టిన పసికందును తెచ్చి గుమ్మం ముందు పూడ్చారు. వాళ్లు వేరే జనం, బహుశా వేరే భాష, కంచు తెలిసినవాళ్లు. వాళ్లకు కూడా ఇది పురాతన కట్టడమే, ఎవరు కట్టారో తెలియని రాళ్లే. బిడ్డను గది లోపల పెట్టలేదు. గడప దగ్గరే ఆగారు.

లడ్‌లో చూసి ముక్కున వేలేసుకున్న పశువులు ఇప్పటికీ ఉన్నాయి. మామూలుగా కొండ ప్రాంతాల్లో వేసవిలో పశువుల్ని పైకి తోలి, చలికాలంలో కిందికి దించుతారు. బర్రెన్ రైతులు దానికి తిరగేసి చేస్తారు, చలికాలమే పైకి తోలతారు. సున్నపురాయి వేసవంతా ఎండను పీల్చుకుని చలికాలంలో మెల్లగా వదులుతుంది, నీరు నిలవదు కాబట్టి పడక పొడిగా ఉంటుంది, పగుళ్ల మధ్య గడ్డి ఏడాది పొడవునా ఎంతో కొంత దొరుకుతుంది. చలికాలంలో ఆ గడ్డి మేసేయడం వల్లే వసంతంలో నీలి జెన్షియన్ లాంటి అరుదైన పూలకు వెలుతురు అందుతుంది.

ఇప్పుడు సమాధి చుట్టూ మోకాలెత్తు తాడు కట్టి ఉంటుంది. దాన్ని దాటొద్దని బోర్డు. దాటకపోయినా, చాలామంది టూరిస్టులు చుట్టుపక్కల వదులుగా ఉన్న రాళ్లు ఏరి, రెండు నిలబెట్టి ఒకటి పైన పెట్టి, అరచెయ్యంత బొమ్మ డోల్మెన్లు కట్టి వెళ్తుంటారు, కొందరు రాళ్లను నిలబెట్టడానికి గ్రైక్‌లలోకి దిగ్గొడతారు. సరదాగానే ఉంటుంది గానీ ఆ రాళ్ల కింద పురుగులు, నాచు బతుకుతుంటాయి, పగుళ్లలో ఇంకా ఏమేం ఉన్నాయో తవ్వినంత మేరకే తెలుసు. అందుకే అక్కడి సంరక్షణ మనుషులు అప్పుడప్పుడూ వచ్చి ఆ బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పి, రాళ్లను మళ్లీ నేల మీద పరుస్తారు.